భర్త బరువు, భార్య నడక

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది: మా అక్కగారింట్లో కొడుక్కి పెళ్లై ఏళ్లు గడుస్తున్నా ఊయల కొక్కెం ఖాళీగానే ఉంది. ప్రస్తుతం దానికి మా మేనల్లుడి ప్యాంట్లు తగిలిస్తున్నారు. ఆ బరువుకి కొక్కెం కాస్త వంగింది కూడా.

లోపం కోడలిదేనని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించారు. మొగుడూపెళ్లాలిద్దరికీ పరీక్షలు చేసిన డాక్టరమ్మ మాత్రం ఒక పొరపాటు చేసింది. నిజం చెప్పేసింది. కోడలికి ఏ లోపమూ లేదట. అబ్బాయి బరువుతోనే చిక్కట. ఒంట్లో కొవ్వు పేరుకుంటే మగవాడి హార్మోన్లు గాడి తప్పుతాయట, వీర్యకణాలు తగ్గుతాయట. తిండి తగ్గించి, రోజూ నడిచి, కాస్త ఒళ్లు తగ్గినా ఆశ ఉందట.

మా అక్క ఆలోచించింది. వాడు మంచినీళ్లు కూడా సొంతంగా ముంచుకుని ఎరగడు. వాడి పనులన్నీ కోడలే చేస్తున్నప్పుడు ఇదొక్కటీ వాడికెందుకు?

ఆ విధంగా భర్తగారి నడక భార్యగారికి అప్పగించబడింది. తెల్లారకుండానే పార్కు చుట్టూ తిరిగేది. ఆయన మానాల్సిన అన్నం ఆవిడ మానేసింది. మిగిలిన అన్నం పారేస్తే పాపం గనక ఆయన తినేశాడు. ఆ ఇంటి దర్జీని నేనే. ఆవిడ జాకెట్లు బిగించలేక, ఈయన ప్యాంట్లు వదులు చేయలేక నా కత్తెర మొద్దుబారింది.

"కుట్లలో గుడ్డ ఎక్కువ వదులు మామయ్యా, ఎదిగే ఒళ్లు," అనేవాడు నలభైకి దగ్గరపడిన మేనల్లుడు.

కోడలు ఒక్కరోజు కూడా నడక మానలేదు. పిల్లలంటే ప్రాణం పిచ్చిదానికి. నాచేత ఒక బుల్లి చొక్కా కుట్టించి పెట్టె అడుగున దాచుకుంది.

మళ్లీ ఆసుపత్రికెళ్లారు. "ఇద్దరినీ కలిపి తూచండమ్మా, తేడా తెలుస్తుంది," అంది మా అక్క. డాక్టరమ్మ తల పట్టుకుంది. అబ్బాయి ఇంకా పెరిగాడట. కోడలు చిక్కి శల్యమై నెలసరి కూడా ఆగిపోయిందట.

"చూశారా, లోపం దానిదేనని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అంది మా అక్క. అంత ఆనందం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు కోడలు ఆ బుల్లి చొక్కా చేతిలో పట్టుకుని గుమ్మం దాటింది. "ఇక మీ నడక మీరే నడుచుకోండి," అంది మొగుడితో. పార్కు దగ్గర ఆగలేదు. పుట్టింటిదాకా నడిచింది. అలవాటు పడ్డ కాళ్లు.

మళ్లీ సంబంధాలు చూస్తున్నారు. అందం, చదువు పట్టింపు లేదు, బాగా నడవగలిగితే చాలు. మీ ఎరుకలో పిల్లుంటే కబురు చేయండి. మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ఊయల కొక్కెం ఖాళీ అనగానే మీ చూపు కూడా ముందు కోడలి పొట్ట మీదికే పోయింది కదా. మనం మనం ఒకటే.