క్యాడెట్ల వక్రత్వ పోటీలు

ఆ ఉదయం మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, డ్రాయింగు మాస్టారు కిటికీ తెరిస్తే వీధికి బదులు తెల్ల కాగితం కనిపించింది. దాని మీద ఎవరో పెన్సిలుతో లీలగా ఒక దీపస్తంభాన్నీ, సగం సైకిలునూ గీసి, మిగతాది తర్వాత చూద్దాంలే అని లేచి వెళ్ళిపోయినట్టుంది. మాస్టారు టీ గ్లాసు పట్టుకుని ఆ మిగతా సగం సైకిలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. టీ చల్లారింది గానీ సైకిలు పూర్తి కాలేదు.

ఆనాటి పథకం మాత్రం ఆయన మనసులో స్పష్టంగానే ఉంది. పది గంటలకు బడి హాల్లో యువ క్యాడెట్ల వక్తృత్వ పోటీ. పన్నెండుమంది వక్తలు, తలా నాలుగు నిమిషాలు, అంశం ‘ధైర్యం’. బహుమతులు ఇచ్చేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి ఒక కునుకు తీయాలి. మధ్యలో ఒక్కటే ముల్లు. నిర్వాహకుడిగా ఆయన రెండు నిమిషాలు స్వాగతం పలకాలి. నలుగురి ముందు నిలబడితే చాలు, ఆయన నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది.

అలాంటి మనిషి క్యాడెట్ల దళానికి అధికారి ఎలా అయ్యారంటే, ఆరేళ్ళ క్రితం స్టాఫు మీటింగులో “ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?” అని హెడ్మాస్టరు అడిగిన క్షణంలో ఆయన కిటికీలోంచి ఒక మేఘాన్ని చూస్తున్నారు. మిగతావాళ్ళందరూ తలలు దించుకున్నారు. తల ఎత్తి ఉన్నది ఆయనొక్కరే.

“రాత్రే అడిగాను, ఆ ఇన్విటేషను ఒకసారి చూపించండని. చూపించారా?” అంది ఆయన భార్య చెప్పులు వేసుకుంటూ. ఆమె పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది.

“రోజంతా అచ్చుతప్పులు చూసొస్తావు, ఇంటికొచ్చాక కూడా ఎందుకని...”

“నా మీద జాలా, మతిమరుపా?”

“మతిమరుపే,” అన్నారు మాస్టారు. ఆయన అబద్ధం ఆడరు. ఆడినా గుర్తుండదు.

మంచులో నడుస్తుంటే ఆయనకు తన కాళ్ళు తనకే కనపడలేదు. తేలుతూ వెళ్ళినట్టే వెళ్ళి హాల్లో అడుగుపెట్టారు. లోపల కూడా పొగమంచు పల్చగా అల్లుకుని ఉంది. పై కిటికీల్లోంచి వెలుతురు పాలలా దిగుతోంది. వేదిక మీద నిచ్చెన, నిచ్చెన మీద మీసాల హవల్దారు. డ్రిల్లు నేర్పే ఈ హవల్దారు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, అంతకు మించి ఒక్క పిసరు కూడా చేయడు. అతను నీలం గుడ్డ మీద బంగారు రంగు అక్షరాల బ్యానరు కడుతున్నాడు.

‘యువ క్యాడెట్ల వక్రత్వ పోటీలు.’

మాస్టారు కళ్ళు నులుముకుని మళ్ళీ చదివారు. ఈసారి ఇంకా పెద్దగా కనిపించింది.

“ఏమండీ, ఇలా పడిందేమిటి?”

“మీరు రాసిచ్చిన కాగితమే సార్. పెయింటరుకి గట్టిగా చెప్పాను, పొల్లు పోకుండా రాయమని.”

“పొల్లు కాదండీ పోయింది, వత్తు!”

ఆ కాగితం ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. వక్తృత్వ అని రాస్తూండగా బయట ఒక కొంగల బారు వెళ్ళింది. చెయ్యి కూడా వాటితోపాటే వెళ్ళి, త వత్తునూ వట్రసుడినీ కలిపి ఒక రెక్కలా లాగేసింది. చూసేవాళ్ళకు అది అచ్చంగా క్రావడే. అదే కాగితం చూసి టైపిస్టు ఆహ్వానాలు కొట్టాడు. అవే ఆహ్వానాల మీద మాస్టారు సంతకాలు చేశారు. అప్పుడు ఆయన ఏ పక్షిని చూస్తున్నారో మాత్రం గుర్తుకు రాలేదు.

ఆఫీసు గదిలోంచి భార్యకు ఫోను చేశారు. “వక్రత్వం అని పడిందే!”

“ఎన్ని చోట్ల?”

“అన్ని చోట్లా.”

అవతల ప్రూఫు కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు. తర్వాత నిట్టూర్పు. “ఒకచోట పడితే అచ్చుతప్పు. అన్ని చోట్లా పడితే అది పేరు. ఎవరైనా అడిగేదాకా నోరు మెదపకండి.”

నోరు మెదపకపోవడం మాస్టారికి తెలిసిన విద్యే. ఆయన కాస్త కుదుటపడ్డారు. ఆ కుదుట సరిగ్గా మూడు నిమిషాలు నిలిచింది.

హాలు ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి ఎముకల డాక్టరు గారు దిగారు. మంచి మాటకారి అని ఆయన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆయన వెనక ఒక నర్సు, నర్సు చేతిలో కొలత టేపు, ఇద్దరు మనుషులు మోసుకొస్తున్న ఆకుపచ్చ గుడ్డ తెర.

“మీ ఆలోచన అద్భుతం మాస్టారూ!” అంటూ డాక్టరు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. “ఈ వయసులోనే వెన్ను వంకర్లు పట్టుకోవాలని నేను ఇరవై ఏళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, వినే నాథుడు లేడు. మీరొక్కరే విన్నారు. కానీ పోటీ అన్నారేమిటండీ? ఎవరి వెన్ను ఎక్కువ వంకరగా ఉంటే వాళ్ళకి కప్పు ఇస్తారా?”

మాస్టారు నోరు తెరిచారు. అసలు సంగతి పెదవుల దాకా వచ్చింది. కానీ డాక్టరు గారి కళ్ళల్లో నీటి పొర చూశాక అది వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక మనిషి ముఖంలో వెలిగిన దీపాన్ని వత్తు లేదని ఎలా ఆర్పుతారు?

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా మంచులోంచి జీపు వచ్చింది. కల్నల్ గారు దిగారు. క్యాడెట్ల దళాలన్నిటికీ ఆయనే పెద్ద. కర్ర మింగినట్టు నిటారుగా నడుస్తారు. ఎదుటివాళ్ళు కాస్త వంగి నిలబడ్డా సహించరు.

“వక్రత్వం!” అన్నారు బ్యానరు చూసి. “ఆహ్వానం చదవగానే అనుకున్నాను, ఈయనెవరో గుండె ఉన్నవాడని. వంకరగా నిలబడేవాడి బుద్ధి కూడా వంకరే. దాన్ని మొగ్గలోనే పట్టుకోవాలి. ఏం డాక్టర్, అంతా సిద్ధమేనా?”

“సిద్ధం సార్.”

హవల్దారు మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. పెద్దలు ఏదంటే అదే పోటీ అని అతని లెక్క. వక్తలు పన్నెండుమందినీ నంబర్ల వారీగా వరసలో నిలబెట్టేశాడు. ప్రసంగాలు బట్టీ పట్టి, పెదవులు కదుపుతూ గొణుక్కుంటున్న ఆ పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

వరస చివర, పన్నెండో నంబరు దగ్గర, బడి మొత్తం ‘మూగనోము’ అని పిలిచే అమ్మాయి నిలబడి ఉంది. పరేడులో ఆ అమ్మాయిని మించినవాళ్ళు లేరు. కానీ వేదిక ఎక్కి మాట్లాడకపోతే సీనియర్ క్యాడెట్ సర్టిఫికెట్టు ఇవ్వరు. రెండేళ్ళుగా ఎక్కుతోంది, జనం ముఖాలు చూస్తోంది, దిగిపోతోంది. ఇదే ఆఖరి ఏడు. “దండగ సార్, పేరు కొట్టేద్దాం,” అని హవల్దారు అంటే, “ఉండనివ్వండి, నాలాంటిది ఒక్కటైనా ఉండాలి కదా,” అని మాస్టారే పేరు నిలబెట్టారు. ఆ అమ్మాయి ఇప్పుడు మాస్టారి వైపు చూసింది. మాస్టారు పైకప్పు వైపు చూశారు.

స్వాగతం పలకమన్నారు. మాస్టారు మైకు దగ్గరికి వెళ్ళి, “అందరికీ నమస్కారం. ఈ పోటీ... నిజానికి ఇది...” అన్నారు. అంతే. రెండొందల ముఖాలు మంచులో తేలే తామరాకుల్లా ఆయన ముందు ఊగాయి. “మొదలుపెడదాం,” అని వచ్చి కూర్చున్నారు.

“క్లుప్తంగా చెప్పారు, బాగుంది,” అన్నారు కల్నల్. “ముందు నన్ను చూడండి డాక్టర్. నాయకుడనేవాడు ముందుండాలి. ఆ మైకు తెర దగ్గర పెట్టండి. నిటారైన వెన్ను ఎలా ఉంటుందో పిల్లలందరూ వినాలి.”

వేదిక మీదే కట్టిన తెర పక్కన మైకు పెట్టారు. కల్నల్ గారు తెర వెనక్కి వెళ్ళారు. హాలంతా చెవులు రిక్కించింది.

“ముందుకి వంగండి సార్... ఆ... అలాగే ఉండండి... నర్సమ్మా, రాసుకో. ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి. నడుము దగ్గర వెన్ను కుడివైపుకి వంకర. బాగానే ఉంది వంకర.”

ఒక కిటికీ తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది. కల్నల్ గారు బయటికి వచ్చి, నిలబడకుండా, జీవితంలో మొదటిసారి అడక్కుండానే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ముప్పై ఏళ్ళుగా నేను తిన్నగా ఉన్నాననీ, లోకమే ఓ పక్కకి ఒరిగి ఉందనీ అనుకున్నానండీ,” అన్నారు మాస్టారితో, పరాయి గొంతుతో.

“బొమ్మలు వేసేటప్పుడు నాకూ అలాగే ఉంటుంది సార్,” అన్నారు మాస్టారు. నిజంగానే ఓదార్చారు.

ఆ తర్వాత పిల్లల వంతు. పరీక్ష యూనిఫాం మీదే, నర్సు పక్కనే. ఒకటో నంబరు కుర్రాడు, జరిగేది ఏదైనా తన ప్రసంగం తాను చెప్పి తీరాలని, తెర వెనక్కి అడుగుపెడుతూనే “ధైర్యమే ఊపిరి అన్నారు పెద్దలు!” అని అందుకున్నాడు.

“ఊపిరి తర్వాత, ముందు నోరు మూసుకుని వంగు,” అన్న డాక్టరు మాట మైకులో మోగింది.

రెండో నంబరుకీ అదే. మూడో నంబరుకీ అదే. నెలల తరబడి పోగేసుకున్న పదకొండు ప్రసంగాలు పదకొండు వీపుల కింద నలిగిపోయాయి. మాస్టారు స్టాప్‌వాచీ చేతిలో పట్టుకుని, ఒడ్డున నిలబడి వరదలో పోతున్న సామాను లెక్కపెట్టుకునేవాడిలా చూస్తూ కూర్చున్నారు.

ఆఖరున పన్నెండో నంబరు వెళ్ళింది.

“ఏంటమ్మా, కొయ్యలా బిగుసుకుపోయావు?” అన్నారు డాక్టరు. ఇందాకటి విసుగు ఆ గొంతులో లేదు. “భయపడకు. అటు గోడ వైపు తిరిగి నిలబడు. ఇక్కడ ఎవరూ లేరు. నెమ్మదిగా చెప్పు, నేను వింటున్నాను.”

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగింది. ముఖాలు లేవు. ఎదురుగా సున్నం వేసిన తెల్ల గోడ, దాని మీద కదలని వెలుతురు. ఎవరో ‘చెప్పు, వింటున్నాను’ అన్నారు. మైకు సంగతి మరచిపోయి, ఇక పోటీ మొదలైందనే అనుకుంది.

“మా నాన్న రైలు గేటు వేస్తాడు,” అంది.

హాల్లో తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ వినలేదు.

“మంచు పడిన రోజు రైలు ఎక్కడుందో కనపడదు. గేటు ముందు బళ్ళు ఆగిపోతాయి. హారన్లు కొడతారు. దిగొచ్చి తిడతారు. ‘రైలేదీ, కనపడుతోందా?’ అని మీదికొస్తారు. నాన్నకి కూడా కనపడదు. ఆయన ఎవర్నీ ఏమీ అనడు. గేటు మాత్రం తియ్యడు. ఒకరోజు నేను పక్కనే ఉన్నాను. అందరూ అరుస్తున్నారు. ‘తీసెయ్ నాన్నా, నాకు భయమేస్తోంది’ అన్నాను. నా చెయ్యి తీసి పట్టా మీద పెట్టాడు. చల్లగా ఉంది. లోపల ఎక్కడో సన్నగా వణుకుతోంది. చాలాసేపటికి తెల్లటి మంచులోంచి రైలొచ్చి, మా ముందు నుంచి వెళ్ళిపోయింది. అరిచినవాళ్ళందరూ ఊరుకున్నారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. నాన్న గేటు తీశాడు. ధైర్యం అంటే ఏదో చెయ్యడం అని పుస్తకాల్లో ఉంది. నాకు తెలిసిన ధైర్యం, తియ్యకుండా ఉండడం.”

ఇంకా చెప్పింది. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటాయి. గంట కొట్టాల్సిన మాస్టారు గంట కొట్టలేదు. ఆయన ఆ క్షణాన హాల్లో లేరు. పట్టాల పక్కన మంచులో నిలబడి ఉన్నారు. రెండొందల మందీ అక్కడే ఉన్నారు. కల్నల్ గారు ఎడమ భుజం ఎలా ఉందో పట్టించుకోవడం మర్చిపోయి ముందుకి వాలారు.

గొంతు ఆగింది. మైకులో డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. “అమ్మా, నొప్పి ఎక్కడో నువ్వు చెప్పలేదు. కానీ నీ వెన్ను మాత్రం గట్టిది. రాసుకో నర్సమ్మా... ఏడవకు, రాసుకో.”

చప్పట్లు ఆగాక కల్నల్ గారు మెల్లగా ఇటు తిరిగారు. “మాస్టారూ, నిజం చెప్పండి. ఇది అసలు ఏం పోటీ?”

మాస్టారు లేచారు. రెండొందల ముఖాలు ఆయన వైపు తిరిగాయి. గేటు ముందు అరిచే జనం అంతకంటే ఎక్కువే అయి ఉంటారనుకున్నారు. నాలుక దానంతటదే విడింది.

“వక్తృత్వ పోటీ సార్. కొంగలను చూస్తూ రాశాను. తప్పు నాది, పెయింటరుదీ టైపిస్టుదీ కాదు. మిగతా పదకొండుమంది పిల్లలకి అన్యాయం జరిగింది. మీరు ఉండగలిగితే భోజనాల తర్వాత వాళ్ళ మాటలు కూడా విందాం.”

ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం చూసి హవల్దారు అప్రయత్నంగా సెల్యూట్ కొట్టాడు. డాక్టరు గారు ఒక్క క్షణం చిన్నబోయి, వెంటనే తేరుకున్నారు. “పోనీలెండి. పన్నెండుమందిలో ఇద్దరిని పట్టాను, కల్నల్ గారితో కలిపి ముగ్గురు.” మధ్యాహ్నం ఆయన దళంలో మిగతా యాభైమందినీ వంచి చూసి మరీ కదిలారు.

భోజనాలయ్యాక పదకొండుమందీ మాట్లాడారు. ఒకటో నంబరు ఊపిరితో మొదలుపెట్టి, ఈసారి పూర్తి చేశాడు. అందరూ బాగానే చెప్పారు. మొదటి బహుమతి ఎవరికన్నదాని మీద మాత్రం ఎవరూ వాదించలేదు. సర్టిఫికెట్టు మాటెత్తి, “వేదిక ఎక్కలేదు కదా సార్?” అని హవల్దారు నసిగితే, “తెర వేదిక మీదే ఉందిగా,” అని కల్నల్ గారు సంతకం పెట్టేశారు.

పేరు పిలిచారు. పన్నెండో నంబరు లేచింది. అప్పటిదాకా తన మాటలు హాలంతా విన్నదని ఆ అమ్మాయి నమ్మలేదు. చప్పట్లు కొడుతున్న ముఖాలన్నిటినీ ఒకసారి చూసి, నేరుగా ఆకుపచ్చ తెర వెనక్కి వెళ్ళిపోయింది. డాక్టరు పిలిచారు, రాలేదు. మాస్టారు బతిమాలారు. చివరికి తెర పైనుంచి ఒక చెయ్యి వచ్చింది. కల్నల్ గారు కాస్త ఎడమకి వంగి, కప్పును ఆ చేతికి అందించారు.

అప్పుడే విలేకరి తీసిన ఫోటో మర్నాడు పేపర్లో పడింది. కింద ‘కుడివైపు ఉన్నవారు కల్నల్ గారు’ అని, ఎవరూ పొరపడకుండా వేశారు.