అండమాన్ నోటుపుస్తకం మాయం

“నేరస్థులు పుట్టాక నేను పుట్టానో, నేను పుట్టాకే నేరస్థులకి వణుకు పుట్టిందో చెప్పలేను గానీ, భ్రమరాంబా! ఈ రామబ్రహ్మం కళ్ళు గప్పి ఈ ఇంట్లోంచి ఒక్క చెంచా కూడా గడప దాటదు!”

“చెంచా సంగతి తర్వాత. పెరుగుగిన్నె మూత ఏదండీ?” అంది భ్రమరాంబ.

ఆదివారం పొద్దున్న ఏడున్నర. నల్లగండ్లలో ఆ అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఆ మూత గురించి పావుగంటగా రగడ నడుస్తోంది.

“ఆలోచించు. గిన్నె ఉంది, పెరుగు ఉంది, మూత లేదు. అంటే దొంగకి పెరుగు అక్కర్లేదు. వాడికి మూతే కావాలి. ఎందుకు?”

“కాఫీ చల్లారిపోతుందని గ్లాసు మీద పెట్టుకున్నాడు గనక.”

రామబ్రహ్మం తన చేతిలో గ్లాసుకేసి చూసుకున్నాడు. మూత దాని మీదే ఉంది.

“ఇంకేం, కేసు తేలిపోయింది. మూత ఇల్లు దాటలేదని ముందే చెప్పానా లేదా?” అన్నాడు గంభీరంగా.

ఇరిగేషన్ ఆఫీసులో ఉండగా ఒకసారి పోయిన ఫైలును పట్టుకున్నాడాయన. అప్పట్నుంచీ తనను తాను అపరాధ పరిశోధకుడిగా నియమించుకున్నాడు. ఆ ఫైలు ఆయన బీరువాలోనే దొరికిందన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పడు. రిటైరయ్యాక జేబులో భూతద్దం కూడా చేరింది. ఇక కావలసింది బైనాక్యులర్స్ ఒక్కటే.

గొడవంతా ఆ బైనాక్యులర్స్ దగ్గరే ఉంది. కూతురు కిరణ్మయి నాలుగేళ్ళ కిందట తన క్రెడిట్ కార్డుకి జోడీగా తల్లికొక కార్డు తీసిచ్చింది. అప్పట్నుంచీ కందిపప్పు మొదలుకొని కుక్కర్ రబ్బరు దాకా భ్రమరాంబ ఆ కార్డు మీదే కొంటూ వచ్చింది. కొన్నకొద్దీ పాయింట్లు పోగయ్యాయి. ఆ పాయింట్లతో బహుమతులైనా, విమానం టిక్కెట్లైనా వస్తాయట. డిగ్రీ హాస్టల్లో మూడేళ్ళు ఆమెతో ఒకే గదిలో ఉన్న రేణుక ఇప్పుడు అండమాన్‌లో టీచరు. “వస్తానే, తప్పకుండా వస్తానే” అని భ్రమరాంబ ఫోన్లో చెప్పడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ పాయింట్లకి ఇవాళే ఆఖరి రోజు.

“సాయంత్రం ఆరింటిదాకా నీకు గడువు,” అన్నాడు రామబ్రహ్మం. “టిక్కెట్టు దారి తేలిందా, సరే. తేలలేదా, బహుమతుల జాబితాలో పదిహేడో నంబరు. బైనాక్యులర్స్!”

అదృష్టవశాత్తూ ఆ రోజే హైటెక్ సిటీలో ఓ హోటల్లో ఈ పాయింట్ల పిచ్చివాళ్ళందరి సభ. నిర్వాహకుల్లో కిరణ్మయి ఒకతె.

“అమ్మా, స్టేజీ మీద చెప్పేవన్నీ రేపు వీడియోల్లో వస్తాయి,” అని క్యాబ్‌లో తల్లికి పాఠం చెప్పింది. “అసలు సరుకు వరండాలో, భోజనాల దగ్గర దొరుకుతుంది. నువ్వు అడగాల్సినవి రాసుకున్నావు కదా? ఎరగనివాళ్ళ పక్కన కూర్చో. నీ ప్రశ్న వాళ్ళ ముందు పెట్టు. వీళ్ళకి అడిగితే చెప్పకుండా ఉండటం చేతకాదు.”

రాసుకోకేం! పచ్చట్ట నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద నాలుగేసి ఖాళీ గీతలు. దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుంది.

“నాన్నా, నువ్వెందుకు?” అంది కిరణ్మయి.

“జనం మూగినచోట నేరం జరుగుతుంది. నేరం జరిగినచోట నేనుంటాను.”

“అది తిరగేసి చెబితే సరిగ్గా ఉంటుందేమో,” అంది భ్రమరాంబ కిటికీలోంచి బయటికి చూస్తూ.

హోటల్లో దిగగానే కిరణ్మయి పనుల్లోకి పరుగెత్తింది. భ్రమరాంబ బల్ల దగ్గర పేరు చెబుతుంటే, రామబ్రహ్మం ఆమె చేతిలో సంచి లాక్కుని “నేను ముందెళ్ళి సీట్లు పడతా” అంటూ లోపలికి దూసుకుపోయాడు. సీట్లు పట్టడంలో ఆయన దిట్ట. కాకినాడ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి, అనుకున్న సీట్లోనే పడేలా చేసిన చరిత్ర ఆయనది.

“ఇగోండి ఆంటీ, మీ బ్యాడ్జి,” అంది బల్ల దగ్గర ప్రవీణ. “కొత్తోళ్ళకు చిన్న హాల్ మంచిగుంటది. పెద్ద హాల్ల అంతా ముదుర్లే. ఫికర్ చెయ్యకుండ్రి, మస్తు ఈజీ.”

రామబ్రహ్మం తిరిగొచ్చాక, ప్రవీణ చెప్పినట్టే ఇద్దరూ చిన్న హాల్లో కూర్చున్నారు. భ్రమరాంబ సంచి తెరిచింది. కళ్ళజోడు ఉంది, మంచినీళ్ళ సీసా ఉంది. నోటుపుస్తకం లేదు.

“ఏవండీ, పుస్తకం…”

అంతే, రామబ్రహ్మం ముఖం వెలిగిపోయింది. భూతద్దం బయటికొచ్చింది.

“కదలకు! ఇది నేరస్థలం.”

“నేరస్థలం కాదండీ, కుర్చీ. సంచి మీ చేతిలోనే కదా ఉంది?”

“అందుకే ఇది మామూలు దొంగ పని కాదు. నా చేతిలోంచి నాకే తెలియకుండా కొట్టేశాడంటే అంతర్జాతీయ స్థాయి వాడు!”

పోనీలే, ప్రశ్నలు గుర్తున్నాయి కదా అనుకుంది భ్రమరాంబ. మొదటి విరామంలో వరండాలో ఒకావిడ దగ్గరికెళ్ళి, “అండమాన్‌కి పాయింట్లతో…” అని మొదలుపెట్టింది. ఆవిడ ఉత్సాహంగా నోరు తెరిచేలోగా రామబ్రహ్మం మధ్యలో దూరాడు.

“పొద్దున్న తొమ్మిదీ పది మధ్య మీరెక్కడున్నారు? సాక్షులున్నారా?”

ఆవిడ టీ కప్పుతో సహా మాయమైంది.

భోజనాల దగ్గరా అదే తంతు. భ్రమరాంబ కూర్చున్న బల్లల దగ్గర్నుంచి జనం వరసగా ప్లేట్లు పట్టుకుని లేచిపోయారు. మూడో బల్ల ఖాళీ అయ్యేసరికి ఆమె ప్లేట్లో గుత్తివంకాయ అలాగే ఉండిపోయింది.

“ఏవండీ, పుస్తకం పోతే పోయింది. మనుషుల్ని పోనివ్వకండి. గడువు ఆరింటిదాకే అని పెట్టింది మీరే.”

“ఆరులోపు దొంగని నీ కాళ్ళ మీద పడేస్తాను!”

“నాకు దొంగ ఎందుకండీ? టిక్కెట్టు కావాలి.”

ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఆయన చూపు వరండాలో చక్రాలపెట్టె లాక్కెళుతున్న మధుసూదన్ అనే కుర్రాడి మీద ఉంది. ఆ కుర్రాడు పర్సు తీసి మిత్రుడికేదో చూపిస్తున్నాడు.

“పద్నాలుగు!” అన్నాడు రామబ్రహ్మం గొంతు తగ్గించి. “ఒక్క మనిషికి పద్నాలుగు క్రెడిట్ కార్డులు! పైగా ఊళ్ళో సభకి పెట్టెతో వచ్చాడు. దొంగసొత్తు దేశం దాటించే ఏర్పాటు!”

“ఇక్కడ అందరి దగ్గరా అన్నేసి కార్డులున్నాయండీ. అందుకేగా సభ పెట్టుకున్నారు.”

“అందరూ ముఠాయే అంటావా? నాకూ అదే అనుమానం.”

నాలుగున్నరకి మధుసూదన్ పెద్ద హాలు వైపు కదిలాడు. రామబ్రహ్మం మారువేషం కోసం అటూ ఇటూ చూశాడు. వరండాలో చిరునవ్వుతో నమస్కారం పెడుతున్న విమానసుందరి అట్టబొమ్మ నిలువెత్తున నిలబడి ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుని బయల్దేరాడు. బొమ్మకి కళ్ళున్నాయి గానీ కంతలు లేవు. దారి కనబడక ఆయన తలుపునీ గుమ్మం మెట్టునీ కూడా వదలకుండా గుద్దుకుని, బొమ్మతో సహా పెద్ద హాల్లోకి జారుకుంటూ పోయి, ముందు వరుస దగ్గర ఆగాడు. వేదిక మీద మాట్లాడుతున్న పెద్దమనిషి మైకు దించేశాడు.

లేవడానికి రామబ్రహ్మం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని ఆసరా పట్టుకున్నాడు.

“ఆడ కూర్చోవాకండి సామీ!” అని అడ్డుపడ్డాడు పక్క సీట్లో తిమ్మప్ప అనే ఆసామి. “పొద్దున్నే ఎవురో పుస్తకమేసి సీటు పట్టుకోని పోయినారు. పుస్తకమేసినాక ఆ సీటు వాళ్ళదే కదా? అప్పుట్నించీ వచ్చినోళ్ళనంతా పంపించేస్తాండా.”

వెనకే పరుగెత్తుకొచ్చిన భ్రమరాంబ చూసింది. కుర్చీ నట్టనడుమ, విసిరినవాడి గురి ఎంత గొప్పదో చాటుతూ, తన పచ్చట్ట నోటుపుస్తకం.

ఆమె మొగుడి వైపు తిరిగింది. మొగుడు అట్టబొమ్మ వైపు తిరిగాడు.

“ఇది మీదేనా అక్కా?” అన్నాడు తిమ్మప్ప. “ఏమనుకోవద్దు. పేరేమన్నా ఉండాదేమో అని తెరిసినా. ప్రశ్నలు ఎంత పద్ధతిగా రాసినావక్కా! ఖాళీ గీతలు జూసినాక చెయ్యి ఊరుకోలా. నాకు తెలిసినవి రాసినా. తెలియనివి పక్కనోళ్ళకిచ్చినా. వరసంతా తిరిగొచ్చింది.”

భ్రమరాంబ పేజీలు తిప్పింది. తొమ్మిది ప్రశ్నల కిందా జవాబులు, ఏడెనిమిది రకాల చేతిరాతల్లో. ‘హైదరాబాద్ నుంచి వెతకొద్దు, చెన్నై నుంచి వెతకండి, సగం పాయింట్లే.’ ‘మంగళవారం తెల్లారుజామున సీట్లు ఖాళీ.’ ‘పాయింట్లని కార్డులో ఉంచొద్దు, ముందు విమాన కంపెనీ ఖాతాలోకి మార్చండి. గడువు రోజైనా మారతాయి.’ దాని కింద మధుసూదన్ సంతకం, ఫోన్ నంబరు.

రోజంతా తనతో ఒక్కరూ మాట్లాడలేదు. తన పుస్తకం మాత్రం ముందు వరుసలో దర్జాగా కూర్చుని అందరితోనూ మాట్లాడింది.

“చూశావా?” అన్నాడు రామబ్రహ్మం మోకాలు రుద్దుకుంటూ. “ఆరు కాకముందే పట్టుకున్నాను.”

“దొంగనా?”

“పుస్తకాన్ని.”

ఆరుకి ఇంకా గంట పైన ఉంది. భ్రమరాంబ మధుసూదన్‌ని వరండాలో కూర్చోబెట్టుకుంది. ఆ కుర్రాడు తన పద్నాలుగు కార్డులూ పక్కనపెట్టి ఆమె ఒక్క కార్డుతో కుస్తీ పట్టాడు.

రాత్రి భోజనాల దగ్గర వంకాయ పులుసుపచ్చడి వడ్డించి, భ్రమరాంబ తనూ కూర్చుంది.

“నాలుగో ప్రశ్న గుర్తుందా? ‘ఈ పాయింట్లు ఇద్దరికి సరిపోతాయా?’ అని. తిమ్మప్ప గారు రాసిన జవాబు చదువుతాను. ‘ఒక్కరికైతే రానూపోనూ. ఇద్దరికైతే పోవడానికి మాత్రమే.’”

“అంటే?” అన్నాడు రామబ్రహ్మం, ముద్ద చేతిలోనే ఆపి.

“అంటే నేనొక్కదాన్నే వెళుతున్నాను. వచ్చే నెల పదకొండున, తొమ్మిది రోజులు. టిక్కెట్టు తీసేశాను. రేణుకకీ చెప్పేశాను.”

కిరణ్మయి చప్పట్లు కొట్టబోయి, తండ్రి ముఖం చూసి నీళ్ళు తాగింది.

రామబ్రహ్మం ఆ ముద్దని మళ్ళీ పచ్చడిలో కలిపేశాడు. “మొదటిసారి విమానం ఎక్కుతున్నావు. నేను చెన్నై దాకా వస్తాను. ముందెళ్ళి సీటు పడతా.”

“అక్కర్లేదండీ,” అంది భ్రమరాంబ, పెరుగుగిన్నె మీద మూత తీసి ఆయన చేతికందేలా పెడుతూ. “నంబరు కూడా ఇచ్చేశారు. కిటికీ పక్కన.”