మా ఆయన పంపు, మా అత్తయ్య జేబు

క్లినిక్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చుట్టాలకు టీ పోస్తున్నాను. "మీ ఇన్సులిన్ పంపు వచ్చింది, రండి!" అన్నారు. మా ఆయన ఎర్మెక్‌కు రోజూ పొడుచుకునే సూదుల బాధ ఇక తప్పింది! ఆ సంబరంలో టీ గిన్నెలన్నీ అంచుదాకా నింపేశాను. మా బిష్కెక్‌లో కోడలు నిండు గిన్నె అందించిందంటే 'తాగి ఇక దయచేయండి' అని అర్థం. మామగారి అన్నగారు పాపం, టోపీ పెట్టుకుని లేచేశారు!

ఈ నెల రోజుల అనుభవంతో చెబుతున్నాను: కొత్త దంపతులకు పంపు కంట్రోలర్‌ను మించిన వరం లేదు!

పంపు ఆయన పొట్టకు అంటుకుని ఉంటుంది. కంట్రోలర్ గుప్పిట్లో పట్టే చిన్న పెట్టె. అది మాటిమాటికీ పంపును పలకరిస్తుంది. ఉన్నావా? మందెంత మిగిలింది? బ్యాటరీ సరిపోతుందా? పంపు ఓపిగ్గా అన్నిటికీ జవాబిస్తుంది. ఏ మొగుడైనా పెళ్ళానికి ఇలా జవాబివ్వడం చూశారా? "ఏమాలోచిస్తున్నావ్?" అని నేనడిగితే మా ఆయన "ఏం లేదు" అంటాడు. పంపయితే లెక్కతో సహా చెప్పేది!

ఇంత విలువైన వస్తువు ఎక్కడుండాలి? మా అత్తయ్య చొక్కా జేబులో! "వాడి దగ్గరుంటే ఎక్కడో పెట్టి మరిచిపోతాడు" అని ఆవిడే తీసుకున్నారు. చిన్నప్పటి నుంచీ కొడుకు షుగరును కంటికి రెప్పలా కనిపెట్టుకున్న తల్లి. కాదనడానికి నేనెవర్ని?

కాస్త దూరం జరిగితే చాలు, పంపు జవాబు అందక కంట్రోలర్ కీచుమంటుంది. మేమిద్దరం బాల్కనీలో నిలబడితే లోపల మోత మొదలు!

"ఒరేయ్ ఎర్మెక్! పంపు పలకట్లేదు, ఎక్కడున్నావురా?"

"బాల్కనీలోనే అమ్మా! కొండల మీద మంచు చూస్తున్నాం."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది ఆ మంచు, ఎక్కడికీ పోదు! లోపలికి రా. నువ్వూ రావే పిల్లా, జలుబు చేస్తుంది."

చూశారా? మాకు జలుబు లేదు! సినిమాకు ముగ్గురం, పార్కుకు ముగ్గురం, దారి తప్పే భయం లేదు! మొగుడూ పెళ్ళాల మధ్య పోట్లాటలూ లేవు. పోట్లాడుకోవాలన్నా కాస్త ఏకాంతం కావాలి కదండీ!

ఇవాళ చెకప్‌కు కూడా ముగ్గురమే వెళ్ళాం. నర్సు చినారా అక్క అత్తయ్యతో అంది: "కూత వినగానే కంగారు పడకండమ్మా. దూరంగా ఉన్నా పంపు మానదు, కొంచెం కొంచెంగా మందు ఇస్తూనే ఉంటుంది. తిండికి ముందు ఎక్కువ మందు కావాలంటేనే కంట్రోలర్ నొక్కాలి."

"మరి అంతలా గోల పెడుతుందెందుకు?"

"పంపు కనబడక బెంగ, అంతేనమ్మా."

అత్తయ్య దారి పొడవునా జేబు మీద చెయ్యి వేసుకునే వచ్చారు. ఇంటికొచ్చాక జేబులోంచి కంట్రోలర్ తీసి నా చేతిలో పెట్టారు. "వాడికి నూనెలో వేయించిన బోర్సోకులంటే ప్రాణం. ఒకటి నోట్లో వేసుకున్నాక గుర్తొస్తాయి వాడికి ఈ మందులూ మాకులూ. ముందే నొక్కు" అన్నారు. పెట్టెను మాత్రం వెంటనే వదల్లేదు.

అంతటి వరం చేజారిపోయినందుకు నేనెంత కుమిలిపోయానంటే, మెట్ల మీద మా ఆయన్ని పట్టుకుని గిరగిరా తిప్పేశాను!

రేపు పొద్దున్నే మేమిద్దరం, ఇద్దరమే, కొండ మీది పచ్చిక బయళ్ళకు వెళ్తున్నాం. అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే: గంటగంటకూ ఫోన్ చేసి కొడుకు క్షేమం చెప్పాలి. సరేనన్నాను. అక్కడ ఫోన్లు పనిచేయవన్న ముక్క ఆవిడకు చెప్పాల్సిన బాధ్యత, కన్న కొడుకుగా, ఎర్మెక్‌కే వదిలేశాను.