దయ్యం డబ్బూ రేకుల కప్పూ

ఒదోయోకి చావులంటే మహా ఇష్టం. మనిషి చెడ్డవాడని కాదు. సరస్సు ఒడ్డునున్న సియాయా వైపు పల్లెల్లో ఎవరైనా పోతే రోజుల తరబడి భోజనాలుంటాయి, పాటలుంటాయి. ఆ పాటలు మోగించే మైకుసెట్టువాడు రెండు చేతులా సంపాదిస్తాడు. అందుకని ఏ చావింటికి వెళ్ళినా, అందరూ శవపేటిక వైపు తిరిగి ఏడుస్తుంటే ఒదోయో ఒక్కడూ స్పీకర్ల వైపు తిరిగి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

ఆ సెట్టు బ్లాస్టోది. పేరుకి తగ్గ వ్యాపారమే. కొత్తది కొంటూ పాతది అమ్మకానికి పెట్టాడు. "నీకు తప్ప ఎవరికీ ఇవ్వను తమ్ముడూ" అని ఒదోయోతోనూ అన్నాడు, అడిగినవాళ్ళందరితోనూ అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో డబ్బు పడింది. ఒక సంస్థవాళ్ళు గడ్డి కప్పులున్న ఇళ్ళన్నీ తిరిగి పేర్లు రాసుకెళ్ళారు. డబ్బు నేరుగా ఫోనుకే వస్తుంది, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు సగం, పంటలయ్యాక మిగతా సగం. వాళ్ళొచ్చిన రోజు ఒదోయో ఎవరి చావులోనో ఉన్నాడు. దాంతో పేరూ ఫోనూ కూడా అతని భార్య అకేయోవే ఎక్కాయి.

"దీంతో ఏం కొనుక్కుంటారో మీ ఇష్టం" అంది సంస్థ అమ్మాయి. ఆ 'మీ' తనకిచ్చిన మర్యాద అనుకుంది అకేయో. కాదు, మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపి అన్నదని ఒదోయో వాదన.

"రేకులు కొందాం" అంది అకేయో. "వానొస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారేచోట పెట్టి, వండడానికి గిన్నె లేక కూర్చుంటున్నాం."

"రేకులు సంపాదించి పెడతాయా? మైకుసెట్టయితే అద్దె తెస్తుంది. ఊళ్ళో జనం చావడం మానరు కదా!"

"చచ్చినవాళ్ళ సంగతి సరే. బతికున్నవాళ్ళం తడుస్తున్నాం."

"సరే, కొనుక్కో. కానీ కప్పెక్కాల్సింది నేను. నేనెక్కను."

అక్కడే వచ్చింది చిక్కు. ఇంటి కప్పు మీద ఆడది చెయ్యి వేయకూడదని వాళ్ళ ఆచారం. మొగుడు ఎక్కనంటే రేకులు మూలన పడుండాల్సిందే. ఆచారాలన్నిట్లోకీ ఒదోయోకి అదొక్కటే కంఠతా వచ్చు.

అకేయో ఫోనును రొంటిన దోపుకుని పొలానికి పోయింది. ఇలా కాదని ఒదోయో ఒక పథకం వేశాడు.

ఆ సాయంత్రం మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద, వేయించిన చిట్టి ఓమెనా చేపలు ముందు పెట్టుకుని గొంతు తగ్గించాడు. "అకేయో, ఈ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసా?"

"ఫోన్లోంచి."

"ఫోన్లోకి ఎక్కణ్ణుంచని? ఊరికే ఎవడైనా ఇస్తాడా? మీ అన్న మనకి ఎప్పుడైనా మేకపిల్లనిచ్చాడా?"

"కోడినిచ్చాడు. నువ్వే కదా తినేశావ్."

"మాట తప్పించకు. ఇది సరస్సు అడుగునుండే దయ్యం పంపే డబ్బు. తీసుకున్నవాళ్ళ ఇంట్లోకి పాములా వచ్చి మంచం కింద పడుకుంటుందట."

"మనకి మంచమెక్కడుంది?"

"చాప కింద!"

కూతురు అడెరో గబుక్కున చాప మీంచి లేచి నిలబడింది. అకేయో ముద్ద కిందపెట్టింది. "అయితే పొద్దున్నే వెనక్కిచ్చేద్దాం."

"అబ్బెబ్బే! వెనక్కిస్తే దానికి మరీ కోపం. విరుగుడుంది. ఆ డబ్బుతో పెద్ద శబ్దం చేసే వస్తువేదైనా కొనాలి. శబ్దముంటే దయ్యముండదు."

"శబ్దమంటే?"

"అదే... మాటవరసకి... మైకుసెట్టు లాంటిది."

అకేయో కిందపెట్టిన ముద్ద మళ్ళీ అందుకుంది. "అలాగా" అంది. తిండి అయ్యాక గిన్నె కడిగి, ఉప్పు అడిగొస్తానని పక్కింటి అబూయా అవ్వ దగ్గరికెళ్ళింది. ఉప్పుకి అంతసేపు పడుతుందా అని ఒదోయోకి తట్టలేదు. బ్లాస్టోతో బేరం ఎక్కడ మొదలుపెట్టాలా అన్న ఆలోచనలో ఉన్నాడు.

మర్నాడు గిన్నెల మోతకి మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఊళ్ళో ప్రతి ఇంటిముందూ ఆడవాళ్ళు గరిటెలతో గిన్నెలు బాదుతున్నారు. ఒకావిడ డబ్బు వచ్చిన ఫోనును ఊయలలో వేసి చెట్టుకి వేలాడదీసింది. డబ్బు రాగానే సైకిలు కొందామనుకున్న ఒగాడా మొహం వేలాడేసుకుని ఎదురయ్యాడు. "పాముకి రెండు తలలట కదన్నా? ఒకటి మొగుడికీ, ఒకటి పెళ్ళానికీ?"

ఒదోయో తన కథలో పాముకి ఒక్క తలే పెట్టాడు.

అబూయా అవ్వ ఇంటి దగ్గర పరిస్థితి మరీ ఘోరం. ఫోనును కుండలో వేసి, మీద రాయి పెట్టి, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. లోపల ఫోను గుర్రుమనగానే అవ్వ కర్రెత్తింది.

"చూశావా, బుస కొడుతోంది!"

"అవ్వా, అదెవరో ఫోను చేస్తున్నారంతే."

"ఎవరో ఏంట్రా, అదే! సంస్థ పిల్లని రమ్మన్నాను. నాకొద్దు, పట్టుకుపొమ్మంటాను. ఊరందరూ అదే మాట. ఇంక రెండో సగం కూడా ఎవరికీ పంపక్కర్లేదంటాం."

అవ్వ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గుడిసె ఓ పక్కకి ఒరిగి, ఎవరో పిలిస్తే వింటున్నట్టుంటుంది. పొయ్యి వెలిగేది రోజుకి ఒక్కపూటే. తన స్పీకర్ల కోసం ముసలామె నోటి దగ్గరి కూడు పోతోందని ఒదోయోకి అప్పుడే తట్టింది.

"అవ్వా, పాము లేదు, దయ్యం లేదు. ఆ కథ నేనే కల్పించా. ఒట్టు!"

అవ్వ కర్ర అతని వైపు తిప్పింది. "అయ్యో బిడ్డా! అది నీ నోట్లో కూడా దూరిందీ! నిన్న నిజం చెప్పిన నోరు ఇవాళ అబద్ధమంటోందంటే ఇంకెవరు పలికిస్తున్నట్టు? అకేయో, చెంబుతో నీళ్ళు తేవే, వీడి మొహాన కొడదాం!"

లోపల్నుంచి అకేయో బిందెడు తెచ్చింది.

తడిసిన బట్టలతోనే ఒదోయోని చర్చి ముందుకి తీసుకెళ్ళారు. ఊరంతా చేరింది. బేరం చెడుతుందేమోనని బ్లాస్టో కూడా వచ్చాడు. పాస్టరు జాబ్లన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఒదోయో, ఈ దయ్యం సంగతి నీకెవరు చెప్పారు?"

నిజం చెబితే జనం కొడతారు. చెప్పకపోతే డబ్బు వెనక్కి పోతుంది.

అతని బదులు అకేయో లేచింది. "పాస్టరు గారూ, మా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. పెద్ద శబ్దం చేసేదేదైనా కొంటే చాలట. డబ్బు వెనక్కి ఇవ్వకూడదట."

బ్లాస్టో మొహం వెలిగింది. "నా దగ్గర..."

"నీ సెట్టు బ్యాటరీ ఉన్నంతసేపే మోగుతుంది బ్లాస్టో. అయినా ఇంటికొక సెట్టు నువ్వెక్కణ్ణుంచి తెస్తావ్? రేకుల కప్పు మీద వాన పడటం విన్నారా ఎవరైనా? పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. దయ్యం ఆ ఛాయలకొస్తుందా?"

జనం ఆలోచనలో పడ్డారు. ఒదోయో చివరి ప్రయత్నం చేశాడు. "మరి వానల్లేని రోజుల్లో?"

"ఎండకి కాగి రేకులు టకటకలాడతాయి."

"ఎండ తగ్గాక? రాత్రిళ్ళు?"

"నీ గురక చాలు."

పాస్టరు గారికే నవ్వాగలేదు. రేకులే విరుగుడని ఊరంతా తీర్మానించింది. మళ్ళీ మనసు మార్చుకునేలోగా ఒగాడా భార్య అతని చెయ్యి పట్టుకుని బజారుకి లాక్కుపోయింది.

వారం తిరక్కుండా ఒదోయో తన ఇంటి కప్పెక్కాడు. దయ్యాన్ని కనిపెట్టినవాడు విరుగుడు బిగించనంటే ఊరుకుంటారా? అతను దిగీ దిగగానే మొదటి వాన పడింది. ముగ్గురూ చాప మధ్యలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. ఒక్క చుక్క కూడా కారలేదు. గిన్నెలన్నీ ఖాళీ అయ్యేసరికి అకేయో ఒక దాంట్లో ఉగాలి, ఒక దాంట్లో చేప, ఒక దాంట్లో ఆకుకూర వండింది. అడెరో పుస్తకం నేలమీదే పరుచుకుని చదువుకుంది. ఒదోయో ఏదో అన్నాడు, రేకుల మోతలో ఎవరికీ వినపడలేదు. అది మంచిదే అయింది. బాగుందని ఒప్పుకునే మాట అది.

ఆ తర్వాత అబూయా అవ్వ కప్పు. ఆమెకి మగదిక్కు లేదు కనుక అది కూడా అతని మీదే పడింది. అవ్వ కింద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. రెండు పూటలా పొయ్యి వెలుగుతుండటంతో మొహం కాస్త తేరుకుంది.

"ఒరేయ్ ఒదోయో, ఒక మాట అడుగుతా. నేను భయపడ్డం బాగా కుదిరిందా?"

సుత్తి గాల్లో ఆగింది. "ఏంటవ్వా?"

"ఉప్పు కోసమొచ్చిన రోజే నీ పెళ్ళాం అంతా చెప్పిందిరా. కాస్త భయపడి పెట్టమంది. నేను ఇంకాస్త ఎక్కువే భయపడ్డానేమో! కుండలో ఫోను మోగేలా చేసింది కూడా అదే, నా పొయ్యి వెనకాల నుంచి ఫోను చేసి."

"మరి... ఆ గిన్నెలు బాదినవాళ్ళు?"

"ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళే నమ్మారు. ఒకడికి సైకిలు కావాలి, ఒకడికి టీవీ కావాలి, ఒకడికి రెండో పెళ్ళాం కావాలి. రేకులంటే ఎవడు ఎక్కుతాడు? నీ దయ్యం పుణ్యమా అని అందరూ పరిగెత్తుకుంటూ ఎక్కారు."

ఒదోయో కప్పు మీద చతికిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తోంది. ఇంటింటికీ మెరుస్తున్న రేకులు, వాటి మీద మేకులు కొడుతూ ఒక్కో మొగుడు.

దారిలో పోతున్న ఒగాడా తలెత్తి చూశాడు. "అన్నా, మా వంటపాకకి కూడా రేకులెయ్యాలంటోంది మా ఆవిడ. అందులో దూరిందంటావా?"

అవ్వ చేపల మీంచి తలెత్తలేదు. ఒదోయో ఒగాడా వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు, తన ఇంటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఇటే చూస్తున్న అకేయో వైపు చూశాడు.

"దూరే ఉంటుంది తమ్ముడూ" అన్నాడు. "రేపు పొద్దున్నే ఎక్కు. నిచ్చెన పట్టుకోడానికి నేనొస్తాలే."