గడియారంలో దాచిన చీటీ

బకెట్లో సబ్బు నురగ పొంగుతుండగా కోడలు ఒక్కో బట్ట జేబూ తడిమి నీళ్లలో వేస్తోంది. పది గంటలకు అత్తగారు చర్చిలో స్త్రీల ప్రార్థన నడిపించాలి. ఆమె బయల్దేరేదాకా ఎదురుపడకుండా ఉతుకు సాగించాలని కోడలి ఆలోచన.

ఇద్దరి మధ్యా సరైన మాటలు లేక ఇరవై రోజులైంది. మామగారి గుర్తుగా మిగిలిన ఉన్ని స్వెట్టర్‌ను కోడలు వేణ్ణీళ్లలో ఉతికింది. అది బొమ్మకు తొడిగేంతై కూర్చుంది. "నీ చేతిలో పడ్డది ఏదైనా మిగిలిందా?" అంది అత్తగారు. ఆ రోజు నుంచి కోడలు ఆమెను అత్తయ్యా అని పిలవడం మానేసింది.

అత్తగారి కోటు జేబులో నాలుగు మడతల చీటీ తగిలింది. పైన 'ప్రార్థన మనవి' అని ఆమె గుండ్రటి చేతిరాత. అలాంటి చీటీలు చర్చి గుమ్మంలోని పెట్టెలో వేస్తారు, పాస్టరుగారు తప్ప ఎవరూ చదవకూడదు. కూతురి ఇంటికి వెళ్లిపోయే దారి చూపమని అత్తగారు దేవుణ్ణి అడుగుతోందేమో. ఒక్క మడత విప్పితే తెలిసిపోతుంది. వేలు మడత దాకా వెళ్లింది కూడా.

మనసు తప్పు వైపు లాగితే ఆ శోధనతో వాదనకు దిగకండి, దాన్ని కంటికి దూరంగా పెట్టండి అని ఆదివారం పాస్టరుగారు చెప్పారు. కోడలు చీటీని పంచదార డబ్బా వెనక పెట్టింది. రెండు నిమిషాలకే పంచదారతో పనిపడింది. బీరువా మీదికి మార్చింది. వెంటనే బీరువా మీద దుమ్ము దులపాలనిపించింది. ఇక తన వల్ల కాదని, ముందు గదిలో గడియారాలు బాగుచేసుకుంటున్న భర్త చేతిలో పెట్టింది.

"మీరు చదవకండి. నాకు దొరక్కుండా దాచండి."

పోయిన ఆదివారం ఆరాధనలో గురక పెట్టింది తనే కాబట్టి, అమ్మ రాసింది తన గురించేనని అతనికి అనుమానం పుట్టింది. చీటీ జేబులో ఉన్నంతసేపూ స్క్రూలు వేళ్లలోంచి జారిపోయాయి. చివరికి లేచి, హాల్లో గోడ గడియారం తలుపు తీసి, లోలకం వెనక దోపేశాడు.

లోలకం చీటీకి తగులుకుని తొమ్మిదింపావుకు ఆగిపోయింది. అత్తగారు తయారై వచ్చి, గడియారం చూసి, ఇంకా బోలెడు టైముందని కుర్చీలో కూర్చుంది. కాసేపటికి మళ్లీ చూసింది. తొమ్మిదింపావే. అంతలో చర్చి గంట పదికి మోగింది.

ఆమె లేచి, అడ్డం నిలబడిన కొడుకును పక్కకు నెట్టి, గడియారం తలుపు తీసింది. చీటీ ఆమె కాళ్ల దగ్గర పడింది.

"చదివావా?" అని కోడల్ని అడిగింది.

"లేదు అత్తయ్యా. ఒక్క మడతైనా విప్పలేదు." "పోయిన వారం నా దిండు కింద దొరికిందీ, అంతకుముందు నా కుట్టుమిషన్ సొరుగులో దొరికిందీ కూడా చదవలేదు. మీ బైబిల్లోనే పెట్టేశాను."

అత్తగారు కుర్చీలో కూలబడింది.

"బైబిల్లో చీటీలు చూసి, చదివి తిప్పి నా మొహాన కొట్టావనుకున్నానే. నీ మిషన్ సొరుగేమైనా చర్చి పెట్టెనా? నీతో చెప్పడానికి నోరు రాలేదు. దేవుడికి రాసినట్టు రాస్తే ఎవరైనా విప్పి చూస్తారు కదా అనుకున్నాను."

చీటీని కోడలి చేతిలో పెట్టి, సంచీ తగిలించుకుని, గబగబా వెళ్లిపోయింది.

కోడలు నాలుగు మడతలూ విప్పింది. 'ప్రభువా, స్వెట్టర్ బాధ ఒక్కరోజుది. నా నోటితో నేనన్న మాటే ఇంకా గుచ్చుతోంది. ఆ పిల్ల నన్ను మళ్లీ అత్తయ్యా అని పిలిచేలా చేయండి.'

ఆమె రెండుసార్లు చదివింది. అందులో అడిగింది తను చదవకముందే జరిగిపోయింది. చీటీని బల్ల మీద పెట్టి, అత్తగారు మరిచిపోయిన కళ్లజోడు అందుకుని, తడి చేతులతోనే గుమ్మం దాటింది.

తన గురక సంగతి అందులో ఉందో లేదో తెలియని కొడుకు, చీటీ మీద గిన్నె బోర్లించి, గిన్నె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.