గీకేసిన చేతిపట్టీ

ఆ శనివారం ఉదయం గెర్లిండ వేసుకున్న పథకం చాలా చిన్నది. చరిత్ర సంఘానికి వెళ్లి, మామగారి ఫోటో ఇచ్చి, బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టే వేళకి తిరిగి రావాలి. ఊరు పుట్టి ఏడు వందల యాభై ఏళ్లయిందని సంఘం వాళ్లు ‘మన తాతలు’ పేరుతో ప్రదర్శన పెడుతున్నారు.

ఆమె భర్త ఆర్నుల్ఫ్ మార్చిలో పోయాడు. ఆస్పత్రిలో ఆయన స్పష్టంగా అన్న చివరి మాట, "నాన్నను గోడకెక్కించు." ఆ ఫోటో నలభై ఏళ్లుగా బీరువా తలుపుకి లోపలివైపు ఉంది. ఎవరని అడిగితే "నాన్న" అని తలుపు మూసేసేవాడు.

వరసగా నిలబడ్డ ఎనిమిది మంది. టోపీలు, తోలు బెల్టులు, పొడవాటి బూట్లు. వెనక ‘మే 1932’ అని రాసి ఉంది. ఎడమ నుంచి మూడో మనిషిది అచ్చంగా ఆర్నుల్ఫ్ ముఖం.

సంఘం అధ్యక్షుడు వోల్క్‌మార్ డ్రీసన్ ఫోటోను రెండు చేతులతో అందుకున్నాడు. కాసేపటికి ఒక చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు వేళ్లతో.

"చేతిపట్టీలు గీకేసి ఉన్నాయండీ."

"పాత ఫోటో కదా, గీతలు పడ్డాయి."

"అందరికీ ఎడమ చేతి మీదేనా?"

ఆ గీతకు అర్థం ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జర్మనీ ఓడిన నలభై ఐదు వేసవిలో ఇంగ్లీషు సైన్యం తలుపు తట్టేలోగా, ఫోటోల్లోని స్వస్తిక గుర్తులు చెరిపేయడానికి చాలా ఇళ్లలో వంటింటి బల్ల మీద బ్లేడూ ఆల్బమూ పక్కపక్కన చేరాయి.

"నేనేమీ అనడం లేదు, ఎకెహార్డ్ చూస్తే మంచిది" అన్నాడు వోల్క్‌మార్.

ఎకెహార్డ్ రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. గుండీ చూసి ఎవరి తాత ఏ దళమో చెప్పగలనని ఆయన నమ్మకం. భూతద్దం పెట్టి చూశాడు.

"గోధుమ చొక్కాలు. హిట్లర్ దళం."

"ఇది నలుపు తెలుపు ఫోటో కదండీ?"

"గోధుమరంగుకి వచ్చే బూడిద ఛాయ వేరేగా ఉంటుందమ్మా." మళ్లీ చూశాడు. "బెల్టు మాత్రం అటవీశాఖదిలా ఉంది. టోపీ తపాలా వాళ్లది. బూట్లు... బూట్లే నాకు నచ్చలేదు."

నిర్ధారణ కోసం ఫోటోను ప్రొజెక్టరుతో సంఘం హాలు గోడ మీదికి పెద్దది చేసి వేశాడు. ఎనిమిది మందీ నిలువెత్తున లేచి నిలబడ్డారు. మూడోవాడు బరువంతా ఎడమ కాలి మీద వేసి ఉన్నాడు, ఆర్నుల్ఫ్ బస్సు కోసం నిలబడ్డట్టే. గెర్లిండ తలుపు దాకా నడిచింది. మూడోవాడి చూపూ తలుపు దాకా వచ్చింది. ఆర్నుల్ఫ్ ఎన్నడూ అంతసేపు రెప్ప వేయకుండా చూడలేదు.

ఇంటికి వచ్చి ఆమె ఫోటోను రొట్టెల బుట్ట కింద బోర్లా పెట్టింది. బంగాళాదుంపల సంగతి ఆ రోజు గుర్తు రాలేదు. నలభై ఏళ్లు పక్కన పడుకున్నవాడు తన చేతికేమిచ్చి పోయాడు? తండ్రి సిగ్గునా? దాన్ని ఊరందరి ముందూ వేలాడదీయమన్నాడా?

ఆదివారం పొరుగింటి ఉర్సెల్ ప్లమ్ పళ్ల కేకు తెచ్చింది.

"మీ ఆయన పోయినప్పుడు ఇదే చేశానే. ఇప్పుడు రెండోసారి పోయినట్టుంది కదా, అందుకని మళ్లీ చేశా."

"ఇంకా ఏదీ తేలలేదు, ఉర్సెల్."

"నా దగ్గర దాపరికమెందుకే? ఏ ఇంట్లో లేదు చెప్పు? మా తాతక్కూడా..." ఆమె ఆగింది. "మా తాతక్కూడా బెల్టుంది!"

కేకు కోయకుండానే లేచి సంఘం హాలుకి పరుగెత్తి, అప్పటికే గోడకెక్కిన తాత ఫోటోను దింపుకుని వెళ్లిపోయింది.

సోమవారానికి తమ తాతలను దింపుకోవడానికి జనం హాలు ముందు వరస కట్టారు. బ్యాండుమేళంలో డప్పు కొట్టిన తాతను మనవరాలు దుప్పటిలో చుట్టి తీసుకెళ్లింది. ఒకాయన పొగగొట్టాలు ఊడ్చే తాతను చంకన పెట్టుకున్నాడు.

"ఆయనకేం భయమండీ? ఆ నల్లబట్టలు వృత్తివే కదా, హిట్లర్ నల్లదళానివి కావు" అన్నాడు వోల్క్‌మార్.

"నాకు తెలుసండీ. ఎకెహార్డ్‌కి తెలియాలి కదా!"

బుధవారానికి గోడ మీద ముప్ఫై ఏడు ఖాళీ మేకులూ రెండు ఫోటోలూ మిగిలాయి. ఒకటి అగ్నిమాపక దళపతి అయిన వోల్క్‌మార్ తాతది. రెండోది బహుమతి పొందిన ఎద్దుది. ఎద్దు ఏమీ తొడుక్కోలేదు కనుక దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు.

గురువారం గెర్లిండ తిన్నగా హాలుకి వెళ్లింది. "అవునో కాదో ఒక్క మాట చెప్పండి. ఏదైనా సరే, వింటాను."

ఖాళీ గోడ నింపడానికి వోల్క్‌మార్ తన ఇంటి అటక మీది తాత పెట్టె మొదటిసారి తెరిచి, ఆల్బం ఒకటి తెచ్చాడు. ఎకెహార్డ్ పేజీలు తిప్పుతున్నాడు. నాలుగో పేజీలో ఆ ఎనిమిది మందే ఉన్నారు. అదే వరస, అదే గోడ. ఈ ప్రతిని ఎవరూ గీకలేదు. చేతిపట్టీల మీద కిందికి దూసుకొస్తున్న మూడు బాణాలు.

ఎకెహార్డ్ భూతద్దం కింద పెట్టేశాడు. "అమ్మా, నేను తప్పు చెప్పాను. ఇది హిట్లర్‌కి ఎదురు నిలబడ్డ కార్మికుల దళం. హిట్లర్ గద్దెనెక్కిన ముప్ఫై మూడులో ఈ గుర్తు ఇంట్లో దొరికితే మనిషిని తీసుకుపోయేవాళ్లు. ఇది అప్పుడు గీకిందే."

ఆర్నుల్ఫ్‌కి అప్పుడు రెండేళ్లు. బ్లేడు పట్టుకున్న అత్తగారి చెయ్యి గెర్లిండకు ఒక్క క్షణం కనిపించింది.

"చూశారా! మా తాతా మీ మామగారూ స్నేహితులన్నమాట" అని వోల్క్‌మార్ ఉత్సాహంగా ఫోటో ఊడదీసి వెనక్కి తిప్పాడు.

వెనక చక్కటి దస్తూరీలో ఎనిమిది పేర్లు, ఎనిమిది చిరునామాలు ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఎర్ర పెన్సిలు గీత. మూడో పేరు దగ్గర ఇంకో ముక్క ఉంది: ‘తెల్లవారుజామున అయిదు. పెరటి తలుపు.’

మనిషిని తీసుకుపోవడానికి రాసుకున్న వేళా, దారీ అవి. ఎకెహార్డ్ మెల్లగా గోడ మీది దళపతి వైపు తిరిగాడు.

"వోల్క్‌మార్, అగ్నిమాపక దళానికి ఆ బెల్టు ఎప్పుడిచ్చారు?"

"నువ్వు చూడకు!" అన్నాడు వోల్క్‌మార్.

ఆదివారం ప్రారంభోత్సవానికి గెర్లిండ ముందే వచ్చి, మామగారిని గీతలతో సహా తన చేత్తోనే మేకుకి తగిలించింది. ఫ్రేము ఒక వైపు వాలితే, ఆర్నుల్ఫ్ కాలరు సర్దినట్టు సర్దింది. మూడోవాడు ఇప్పుడు ఆమెను మామూలుగానే చూశాడు. దళపతి ఫోటోకి అద్దం మార్చాలని వోల్క్‌మార్ ఇంటికి పట్టుకెళ్లాడు.

ఊరంతా వచ్చింది. చాలామంది ఎద్దు ముందే నిలబడి, అప్పట్లో పశువులను ఎంత బాగా పెంచేవారో అని మెచ్చుకున్నారు.