కరస్పాండెంట్ గారి కుడిచెవి

ఫిజిక్స్ మేడమ్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీ కరస్పాండెంట్ గారు పాత ల్యాబు చూడటానికి వస్తారు. ఆయన నోరు తెరిచేలోపు చెవిలో ఓ ఇత్తడి గోళం పెట్టెయ్యాలి. అంతే.

ఆ ల్యాబు బీరువాను ఈమధ్యే ఆమె తెరిపించింది. లోపల నూరేళ్ళ నాటి శబ్ద పరికరాలు. శృతిదండాలు, చెక్క గొట్టాలు, నిమ్మకాయంత నుంచి గుమ్మడికాయంత వరకు బోలు గోళాలు. గోళానికి ఒకవైపు నోరు, మరోవైపు చెవిలో పెట్టుకునే చిన్న ముక్కు. ఎన్ని శబ్దాలు కలిసొచ్చినా గోళం తన స్వరాన్ని మాత్రమే ఏరుకుని చెవిలో పాడుతుంది. విన్న ప్రతిసారీ మేడమ్‌కు ఒళ్ళు జలదరిస్తుంది. శబ్దాన్ని బోర్డు మీద గీతలుగా నేర్చుకుంటున్న తన పిల్లలు ఒక్కసారైనా దాన్ని వినాలని ఆమె తపన. కరస్పాండెంట్ గారికేమో అక్కడ జిరాక్సు మిషను పెట్టాలని ఉంది. పాతసామాన్ల వ్యాపారి అప్పుడే బండితో సహా గుమ్మంలో నిలబడ్డాడు.

"గాలి దూరకుండా ముక్కుకి మైనం రాశానండి. మెల్లగా పెట్టుకోండి," అంది మేడమ్.

మెల్లగా అన్నది కరస్పాండెంట్ గారి జాతకంలోనే లేదు. "ఏమీ వినపడ్డం లేదే!" అంటూ కమలాపండంత గోళాన్ని కుడిచెవిలోకి ఒక్క తోపు తోశారు. వెచ్చటి మైనం చల్లారి బిగుసుకుంది. గోళం ఇక రానంది.

అప్పుడే ప్రిన్సిపాల్ లోపలికొచ్చాడు. పెద్దాయన చెవికి ఆ యంత్రం చూసి వినికిడి మిషను అనుకున్నాడు. "అయ్యో, చెవుడా సార్? ఎప్పట్నుంచి?" అని గోళం నోట్లోనే కేకపెట్టాడు. లోపల గుయ్యిమని మోగింది. కరస్పాండెంట్ గారు దిమ్మెరపోయి కుర్చీలో కూలబడ్డారు.

"అసలేమీ వినపడ్డం లేదు, పాపం!" అని తేల్చాడు ప్రిన్సిపాల్.

కబురు స్టాఫ్ రూముకి పాకింది. పరామర్శకు వచ్చినవాళ్ళు మొదట గొంతు పెంచారు. వినపడదని రూఢి చేసుకున్నాక మనసు విప్పారు.

"ఇన్నాళ్ళూ మన మాట వినలేదు. ఇప్పుడు వినపడదు. మనకి తేడా ఏముంది?" అన్నాడు లెక్కల మాస్టారు.

"అనకూడదుగానీ, దేవుడున్నాడు," అంది లైబ్రేరియన్.

"కాస్త నవ్వుతూ అనండి, పొగుడుతున్నామనుకుంటారు," అన్నాడు ప్రిన్సిపాల్.

ఎడమచెవి నిక్షేపంగా ఉందని మేడమ్ వెనకనుంచి చేతులూపింది. ఒక్కరూ చూడలేదు. కరస్పాండెంట్ గారి ముఖం కందగడ్డలా అయింది. ఆయన లేచారంటే బీరువాతోపాటు తన ఉద్యోగమూ ఆ బండెక్కుతుందని ఆమెకు అర్థమైంది. ఇంకేం తోచక, ఆ గోళానికి జతైన శృతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి గోళం నోటి దగ్గర పెట్టింది.

ఆయన లేవబోయి ఆగిపోయారు. తలనిండా ఒకే ఒక్క స్వరం. అంచులేని, మచ్చలేని స్వరం. అది నెమ్మదిగా సన్నగిల్లేదాకా ఆయన ఊపిరి తీసుకోలేదు.

"మాట్లాడండి," అన్నారు చివరికి. అందరూ కొయ్యబారిపోయారు. "ఆపకండి! తిట్టినా ఫర్వాలేదు. మీ తిట్లలోనూ ఇదే ఉందయ్యా! అమ్మా, ఇది బయట కూడా ఉంటుందా?"

"ఎప్పుడూ ఉంటుందండి. మిగతావాటితో కలిసిపోయి మనకి విడిగా తెలియదు."

ఆయన కిటికీ దగ్గరికెళ్ళారు. పిల్లల గోల, బండి హారను, ఫ్యాను రొద. అన్నిట్లోనూ తన స్వరాన్ని వెతికి పట్టుకుని, పసివాడిలా నవ్వారు. ఆయన్ని చూస్తుంటే లెక్కల మాస్టారికి కూడా కళ్ళు చెమర్చాయి.

వేడినీళ్ళ గుడ్డ కడితే మైనం కరిగి గోళం ఊడింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వ్యాపారిని పొమ్మన్నారు. మేడమ్‌కు కాళ్ళు నేలమీద నిలవలేదు.

"రేపే పిల్లలందరికీ వినిపిస్తానండి!"

"పిల్లలకా?" ఆయన ఉలిక్కిపడ్డారు. "ఇంత అపురూపమైనవి పిల్లల చేతికిస్తారా, అమ్మా?"

ఇప్పుడా పరికరాలకు అద్దాల బీరువా వచ్చింది, దానికో పెద్ద తాళం వచ్చింది. గుమ్మం మీద బోర్డు కూడా పెట్టించారు: నిశ్శబ్దం పాటించండి.